పిరమిడ్ల నిర్మాణంలో నైలు నది, కాలువలు, రేవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిరమిడ్ అనగానే చర్చ అంతా రాళ్లను పైకి ఎలా ఎక్కించారన్న దాని చుట్టే తిరుగుతుంది. అసలు ఆ రాయి, ఆ దుంగ, ఆ రాగి, ఆ రొట్టె పిరమిడ్ అడుగుదాకా ఎలా చేరాయన్నది దానికి ముందు అడగాల్సిన ప్రశ్న. జవాబు చాలావరకు నీళ్లలోనే ఉంది. ఎక్కువగా కైరో పక్కన గిజాలో ఖుఫు అనే రాజు కట్టించిన పెద్ద పిరమిడ్ గురించే ఇక్కడ చెబుతున్నాం. పడవల రవాణాకు రాతపూర్వక ఆధారం అంత వివరంగా దొరికింది దానికే మరి.

పిరమిడ్ రాళ్లన్నీ పడవల మీదే వచ్చాయా?

లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఖుఫు పిరమిడ్‌లో సుమారు 23 లక్షల రాళ్లు ఉంటాయని అంచనా. వాటిలో అత్యధికం లోపలి భాగాన్ని నింపిన ముతక సున్నపురాయి. అది పిరమిడ్‌కు దక్షిణాన, కొన్ని వందల మీటర్ల దూరంలో ఉన్న క్వారీ నుంచే వచ్చింది. ఆ రాళ్లు పడవ ముఖం చూడలేదు.

నీటి మీద వచ్చింది గిజా గుట్టలో దొరకని సరుకు. పైపూతలా కప్పిన తెల్లటి నాణ్యమైన సున్నపురాయి, గదుల కోసం గ్రానైట్, ఆలయం నేలకు బసాల్ట్ అనే నల్లరాయి, స్లెడ్జిలకూ (చక్రాలు లేని లాగుడు బండ్లు) పడవలకూ దేవదారు కలప, ఉలులకు రాగి, పనివాళ్లకు ధాన్యం, మాంసం అన్నీ ఆ దారినే వచ్చాయి. బరువు లెక్కన చూస్తే మొత్తంలో ఇది చిన్న భాగమే. కానీ ఇందులో ఏ ఒక్కటి ఆగినా పని ఆగిపోతుంది.

ఏ రాయి ఎక్కడి నుంచి వచ్చేది?

తెల్ల సున్నపురాయి తురా నుంచి. ఇది నైలు తూర్పు ఒడ్డున, గిజాకు దక్షిణంగా ఉంది. నేరుగా చూస్తే సుమారు 15 కిలోమీటర్ల దూరం. గిజా పడమటి ఒడ్డున ఉంది కాబట్టి రాయి నది దాటక తప్పదు.

గ్రానైట్ ఈజిప్టు దక్షిణ కొసనున్న అస్వాన్ నుంచి. నది వెంబడి 800 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. పిరమిడ్ లోపలి రాజు గది పైకప్పులోనూ దానిపైన బరువు కాసే అరల్లోనూ ఉన్న గ్రానైట్ దూలాలు ఒక్కొక్కటి 25 నుంచి 80 టన్నుల దాకా తూగుతాయని అంచనా.

బసాల్ట్ నైలుకు పడమట ఉన్న ఫయ్యూమ్ పల్లపు ప్రాంతం ఉత్తర అంచున, విదాన్ అల్-ఫరస్ కొండ నుంచి. దీని రవాణా పద్ధతి ముచ్చటగా ఉంటుంది. క్వారీ నుంచి దిగువకు రాతి పలకలు పరిచిన రోడ్డు వేశారు. పొడవు 11 కిలోమీటర్ల పైనే. ఇప్పటికి దొరికిన రాతి పరుపు రోడ్లలో అతి పాతవాటిలో ఇదొకటి. ఆ రోడ్డు వెళ్లి ఆగేది ఎడారి మధ్యలో! ఆ రోజుల్లో అది మోరిస్ సరస్సు ఒడ్డు. వరద కాలంలో నైలు నీళ్లు సరస్సులోకి వచ్చి, రెంటికీ పడవ దారి కలిసేది. రోడ్డు చివర ఉన్న రాతి కట్ట పడవల రేవు.

గిజా చుట్టూ ఇప్పుడు ఇసుకే కదా, నది ఎక్కడుంది?

నేటి నైలు ప్రధాన ప్రవాహం పిరమిడ్లకు 7, 8 కిలోమీటర్లు తూర్పున ఉంది. నాలుగున్నర వేల ఏళ్ల కిందట పరిస్థితి వేరు. నైలు లోయలో నది ఒకే పాయగా పారలేదు. పడమటి ఎడారి గట్టును ఆనుకుని ఒక పాయ పారేది.

ఇమాన్ ఘోనీమ్ బృందం 2024లో ఈ పాయ జాడను లిష్త్ నుంచి గిజా దాకా 64 కిలోమీటర్ల పొడవున గుర్తించింది. రాడార్ ఉపగ్రహ చిత్రాలతో పల్లాన్ని పట్టుకుని, నేలలోకి పంపే రాడార్‌తో పరీక్షించి, బోరు వేసి మట్టి నమూనాలు తీసి సరిచూశారు. దానికి అరబ్బీలో పిరమిడ్లు అనే అర్థం వచ్చేలా అహ్రామత్ అని పేరు పెట్టారు. 31 పిరమిడ్లు ఈ దారి వెంటే ఉన్నాయి. చాలా పిరమిడ్ల నుంచి దిగి వచ్చే రాతి దారులు సరిగ్గా ఆ పాయ ఒడ్డున ఆగుతాయి. అక్కడున్న లోయ ఆలయాలు పడవలు వచ్చి ఆగే చోట్లు కూడా.

అంతకు ముందు 2022లో హదర్ షీషా బృందం గిజా దగ్గర ఐదు బోర్ల మట్టిలోని పుప్పొడిని పరిశీలించింది. నీటి గట్ల వెంట పెరిగే జమ్ము, గడ్డి జాతుల పుప్పొడి ఎంత ఉందో చూసి నీటిమట్టం అంచనా వేశారు. గిజాలో మూడు పెద్ద పిరమిడ్లు కట్టించిన రాజులు ఖుఫు, ఖాఫ్రే, మెంకౌరే కాలంలో ఆ పాయ గిజా రేవుకు సరిపడా నీళ్లతో నిలిచి ఉందని తేలింది.

వరద వచ్చినప్పుడే ఎందుకు రవాణా?

మూడు కారణాలున్నాయి, మూడూ ఒకే సమయంలో కలిసొచ్చేవి.

మొదటిది లోతు. అస్వాన్ హై డ్యామ్ వచ్చేదాకా నైలు ఏటా జులైలో పొంగి, సెప్టెంబర్ ప్రాంతంలో పతాక స్థాయికి చేరి, నవంబర్‌కు తగ్గేది. కైరో దగ్గర ఎండాకాలపు మట్టానికీ వరద మట్టానికీ తేడా 6, 7 మీటర్ల దాకా ఉండేది. వేసవిలో ఇసుక మేటలు తేలే చోట వరదలో నిండు బరువు పడవ నడుస్తుంది. కాలువల్లో, పిరమిడ్ ముందున్న చెరువులో నీళ్లు నిండేది కూడా అప్పుడే.

రెండోది ప్రవాహం, గాలి. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. గాలి ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది. క్వారీలు తురా అయినా అస్వాన్ అయినా గిజాకు ఎగువనే ఉన్నాయి. అంటే బరువుతో వచ్చేటప్పుడు ప్రవాహం తోస్తుంది, ఖాళీగా వెళ్లేటప్పుడు గాలి లాగుతుంది. ఈజిప్టు బొమ్మల లిపిలోనే ఇది కనిపిస్తుంది: దక్షిణానికి ప్రయాణం అని రాయాలంటే తెరచాప ఎత్తిన పడవ, ఉత్తరానికి అని రాయాలంటే తెరచాప లేని పడవ.

మూడోది మనుషులు. పొలాలు నీళ్లలో ఉన్న నెలల్లో రైతులకు సేద్యం పని ఉండదు. అయితే పిరమిడ్ పని మొత్తం వరద నెలల్లోనే జరిగిందని దీన్ని సాగదీయకూడదు. గుట్టమీద రాయి కొట్టడం, పేర్చడం ఏడాది పొడవునా సాగిన పని. నీటి కాలానికి కట్టుబడింది పడవ పని ఒక్కటే.

మేరర్ దస్త్రం అంటే ఏమిటి? అందులో ఏముంది?

ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త పియర్ టాలె నాయకత్వంలోని బృందానికి 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున, వాదీ అల్-జర్ఫ్‌లో పపైరస్ (జమ్ము లాంటి మొక్కతో చేసిన కాగితం) ముక్కలు దొరికాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటివరకు దొరికిన అతి పాతవి ఇవే. వాటిలో మేరర్ అనే అధికారి రోజువారీ పని నమోదు చేసిన దస్త్రం ఉంది. ఆయన కింద సుమారు 40 మంది ముఠా. కాలం ఖుఫు పాలన చివరి రోజులు, 13వ పశుగణన తర్వాతి ఏడాది (అప్పట్లో ఏళ్లను పశువుల లెక్కింపును బట్టి గుర్తించేవారు).

రాతలో అలంకారం ఏమీ లేదు, లాగ్‌బుక్ లాగే ఉంటుంది. ఒక ట్రిప్పు వరస ఇలా సాగుతుంది. 25వ తేదీ: ముఠా తురా దక్షిణ క్వారీలో రాళ్లు లాగింది, రాత్రి బస అక్కడే. 26: రాళ్లు నింపిన పడవతో ఆఖెత్ ఖుఫుకు బయలుదేరారు, రాత్రి షి ఖుఫులో. 27: షి ఖుఫు నుంచి కదిలి ఆఖెత్ ఖుఫు చేరారు, రాత్రి బస అక్కడ. 28: పొద్దున్నే కట్టు విప్పి ఎగువకు, తురా వైపు. 29: మళ్లీ రాళ్లు లాగే పని.

ఆఖెత్ ఖుఫు అంటే ఖుఫు క్షితిజం, అది పిరమిడ్ పేరు. షి ఖుఫు అంటే ఖుఫు చెరువు. (వరద కాలానికి వాడే ఆఖెత్ అనే మాట పలకడానికి ఒకేలా ఉన్నా రాతలో వేరు. తెలుగులో ఈ విషయం చదివేటప్పుడు రెండూ కలిసిపోతుంటాయి.)

ఈ లెక్కన ఈజిప్టు వారమైన పది రోజుల్లో రెండు మూడు ట్రిప్పులు. ట్రిప్పుకు సుమారు 30 రాళ్లు, నెలకు 200 దాకా రాళ్లు చేర్చగలిగే వారని టాలె అంచనా. దస్త్రంలో మరో విలువైన పేరు అంఖ్‌హాఫ్. ఖుఫు సవతి సోదరుడు. చెరువు ముఖద్వారమైన రో-షి ఖుఫు ఆయన అజమాయిషీలో ఉండేది. పడవలు రాత్రి షి ఖుఫు దగ్గరే ఎందుకు ఆగేవో దీన్నిబట్టి అర్థమవుతుంది. సరుకు గుట్టమీదికి పోయే ముందు లెక్క చూసుకునే చోటు అదే.

ఒక హెచ్చరిక. పిరమిడ్ ఎలా కట్టారో మేరర్ రాసిపెట్టాడని తరచూ కనిపిస్తుంటుంది. అది తప్పు. ఆయన రాసింది తన ముఠా రవాణా మాత్రమే. రాళ్లను పైకి లాగిన ర్యాంపుల (ఏటవాలు కట్టల) గురించి ఒక్క ముక్క లేదు.

పిరమిడ్ ముందున్న చెరువు, కాలువ ఎలా పనిచేసేవి?

నది పాయ నుంచి ఒక కాలువ, దాని చివర గుట్ట పాదంలో తవ్విన వెడల్పాటి బేసిన్. ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు తవ్వకం, పూడికతీత, గట్ల మరమ్మతు చేయాలి. వరద మొదలయ్యాక గట్టు తెరిచి నీళ్లు లోపలికి వదలాలి. ముందే తెరిస్తే లోపల పని పూర్తవదు. ఆలస్యమైతే వరద గట్టును తానే కోసుకుని బురదతో సహా వచ్చి పడుతుంది.

మేరర్ దస్త్రంలో ఈ పని జాడ ఉంది. ఆయన ముఠా రో-షి ఖుఫు దగ్గర గట్టు పనిలో ఉండి, గుంజలు పైకి తీసినట్టు ఆ ముక్కల్లో కనిపిస్తుంది. వరద నీటిని బేసిన్‌లోకి వదలడానికి గట్టు తెరిచిన పని అదేనని పరిశోధకులు చదువుతున్నారు. నదిలో పాతిన గుంజను తాళ్లు కట్టి అటూ ఇటూ కదిపి పెరికితే గానీ రాదు. అలాంటి గుంజలు తీయడానికి పడవవాళ్ల ముఠాను వాడటంలో ఆశ్చర్యం లేదు. మోకులూ పడవలూ నీళ్లలో నిలబడి పనిచేసే అలవాటూ వాళ్లకే ఉన్నాయి.

ఖాఫ్రే లోయ ఆలయం ముందు నీళ్లలోకి దిగే రెండు రాతి ఏటవాలు దారులు బయటపడ్డాయి. ఖుఫు లోయ ఆలయం నేటి నజ్లత్ అల్-సమ్మాన్ ఊరి ఇళ్ల కింద ఉంది. దాని బసాల్ట్ నేల 1990 ప్రాంతంలో మురుగు కాలువ పనుల తవ్వకంలో తగిలింది. పురావస్తు శాస్త్రవేత్త మార్క్ లెహ్నర్ ఇలాంటి ముక్కలన్నీ, బోరు మట్టి వివరాలూ కలిపి రేవు రూపురేఖలు గీశారు.

ఒక పడవ ఎంత బరువు మోసేది? ఎంత లోతు కావాలి?

మేరర్ పడవ 70, 80 టన్నులు మోసేదని అంచనా. 30 రాళ్లు, ఒక్కోటి రెండున్నర టన్నులు వేసుకుంటే 75 టన్నులు.

లోతు లెక్క కష్టమేం కాదు. పడవ ఎంత బరువుంటే అంత బరువు నీటిని పక్కకు తోస్తుంది. ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక టన్ను. నీటిని తాకే పడవ విస్తీర్ణం 120 చదరపు మీటర్లు అనుకుంటే, 75 టన్నులు ఎక్కిస్తే పడవ అదనంగా 60 సెంటీమీటర్ల పైన మునుగుతుంది. పడవ సొంత బరువుకు మునిగేది, అడుగు నేలకు తగలకుండా ఉంచాల్సిన ఖాళీ కలిపితే మీటరున్నర నీళ్లు ఉంటే ధైర్యంగా నడపొచ్చు. అందుకే కాలువ మరీ లోతుగా తవ్వక్కర్లేదు. కానీ ఆ మీటరున్నర దారి పొడవునా ఉండాలి. ఒక్కచోట మేట వేసినా వెనక పడవలన్నీ ఆగాలి.

రాజు గది దూలాల్లాంటి పెద్ద రాయికి మరో చిక్కుంది. మొత్తం బరువు ఒకేచోట పడుతుంది. చిన్న రాళ్లను అడుగంతా సర్దుకోవచ్చు, దూలాన్ని సర్దలేం. మధ్యకు కొద్దిగా తప్పినా పడవ ఒరుగుతుంది. కింద అడ్డదుంగలు వేసి బరువు పంచకపోతే అడుగు పలకల అతుకులు విప్పుకుంటాయి.

పడవలు దేనితో కట్టేవారు?

స్థానికంగా దొరికేది తుమ్మ. గట్టిది, కానీ పొట్టి ముక్కలుగా, వంకరగా వస్తుంది. పొడవైన పలకలు కావాలంటే లెబనాన్ దేవదారే. ఖుఫు తండ్రి స్నెఫ్రు కాలంలో 40 ఓడల నిండా ఆ కలప తెచ్చినట్టు పలెర్మో శిలలో (తొలి రాజుల ఏటేటి విశేషాలు చెక్కిన రాయి) నమోదై ఉంది.

పలకలకు ఇనుప మేకులు లేవు. అంచుల్లో బెజ్జాలు తొలిచి, తాళ్లతో కుట్టేవారు. తడిస్తే కలప ఉబ్బుతుంది, తాడు బిగుస్తుంది, సందులు మూసుకుంటాయి. ఎండగడితే అతుకు వదులవుతుంది. అవసరమైతే విప్పి మోసుకెళ్లి మళ్లీ కుట్టుకోవచ్చు, ఇదే దీని గొప్ప లాభం.

ఈ పద్ధతిని కళ్లారా చూడాలంటే ఖుఫు నౌక ఉంది. 1954లో పిరమిడ్ దక్షిణ పక్కన రాతి గొయ్యిలో 1,224 ముక్కలుగా దొరికింది. అహ్మద్ యూసఫ్ ముస్తఫా ఏళ్ల తరబడి శ్రమించి కూర్చారు. పొడవు 43 మీటర్ల పైన. 2021లో గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంకు తరలించారు. ఇది రాజు నౌక, రాళ్ల పడవ కాదు. కుట్టే నేర్పు మాత్రం అదే.

రాళ్ల పడవ కొలత ఖుఫు తర్వాతి కాలపు, ఆరో రాజవంశపు అధికారి వెని సమాధి శాసనంలో దొరుకుతుంది. మెరెన్రే రాజు కోసం హత్నుబ్ క్వారీ నుంచి ఆలబాస్టర్ అనే తెల్లరాతి పెద్ద నైవేద్య పీఠం తేవడానికి 60 మూరలు పొడవు, 30 మూరలు వెడల్పు గల తుమ్మ పడవను 17 రోజుల్లో కట్టించానని చెప్పుకున్నాడు. ఈజిప్టు రాజమూర సుమారు 52 సెంటీమీటర్లు. అంటే 31 మీటర్ల పొడవు, దాదాపు 16 మీటర్ల వెడల్పు. పొడవులో సగం వెడల్పు! బల్లకట్టు లాంటి ఆకారం. ఎందుకంటే అది ఎండాకాలం మూడో నెల. ఇసుక మేటల మీద నీళ్లు లేవని, అయినా పిరమిడ్ దగ్గరకు క్షేమంగా చేర్చానని ఆయనే అంటాడు. వంపులు పోను 300 చదరపు మీటర్లు నీటిని తాకితే, 30 టన్నులు ఎక్కించినా పది సెంటీమీటర్లే దిగుతుంది. లోతు లేనప్పుడు వెడల్పు పెంచాలి. ఆయన చేసింది సరిగ్గా అదే.

రాయిని పడవలోకి ఎక్కించేది ఎలా?

గిజాకు దక్షిణాన సఖారాలో, ఉనాస్ రాజు పిరమిడ్ రాతి దారి గోడ మీద అస్వాన్ గ్రానైట్ స్తంభాలు తెస్తున్న పడవల శిల్పం ఉంది. స్తంభాలు స్లెడ్జిల మీద పడుకోబెట్టి ఉన్నాయి. రాయిని క్వారీలోనే స్లెడ్జికి కట్టి, దానితో సహా పడవలోకి లాగి, దింపేటప్పుడు మళ్లీ అలాగే లాగేవారని తెలుస్తుంది. ఎత్తడం లేదు, లాగడమే. అందుకని రేవు అంచూ పడవ తట్టూ ఒకే ఎత్తులో ఉండాలి. బరువు ఎక్కేకొద్దీ పడవ దిగుతుంది, వరద మట్టం కూడా రోజురోజుకూ మారుతుంది. ఏటవాలు రేవు ఉంటే నీళ్లు ఏ మట్టంలో ఉన్నా అంచు దొరుకుతుంది.

రేవు నుంచి గుట్ట మీదికి?

స్లెడ్జి, మోకులు, మనుషులు, నీళ్లు. దైర్ అల్-బర్షాలోని జెహుతిహోతెప్ అనే అధికారి సమాధి చిత్రంలో 172 మంది ఒక పెద్ద విగ్రహాన్ని లాగుతుంటే, స్లెడ్జి ముందు ఒకతను నీళ్లు పోస్తుంటాడు. అది పూజ అనుకునేవారు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో 2014లో చేసిన ప్రయోగాల్లో తగినంత తడి ఉన్న ఇసుకపై లాగడానికి సగం బలం చాలని తేలింది. పొడి ఇసుక స్లెడ్జి ముందు కుప్పపడుతుంది, తడి ఇసుక గట్టిపడి దారి ఇస్తుంది. నీళ్లు మరీ ఎక్కువైతే లాభం పోతుంది, ఇసుక జారి బురదవుతుంది. కాబట్టి పోయడానికీ కొలత తెలిసిన మనిషి కావాలి. ఆ నీళ్లు పైకి మోసుకెళ్లే వాళ్ల లెక్కా ఇందులో కలపాలి.

ఎర్ర సముద్రం రేవుకు గిజాతో సంబంధం ఏమిటి?

రాగి. సున్నపురాయి చెక్కే ఉలులు రాగివే, త్వరగా మొద్దుబారతాయి. రాగి గనులు సూయెజ్ గల్ఫ్ అవతల సైనాయ్‌లో ఉన్నాయి. వాదీ అల్-జర్ఫ్‌లో కొండను తొలిచిన 30 దాకా గుహల్లో పడవలను విప్పి భద్రపరిచేవారు. ఒడ్డున నీళ్లలోకి రాతి కట్ట, దాదాపు వంద రాతి లంగర్లు దొరికాయి. తురా నుంచి రాళ్లు తోలిన ముఠాయే అక్కడా పనిచేసింది కాబట్టే మేరర్ దస్త్రం ఎడారి ఆవల దొరికింది.

నీటి శక్తితోనే రాళ్లను పైకెత్తారా?

2024లో ఒక బృందం సఖారాలో జోసర్ రాజు మెట్ల పిరమిడ్ విషయంలో ఇలాంటి ప్రతిపాదన చేసింది. మధ్యలోని నిలువు బావిలోకి నీళ్లు వదిలి, తేలే తెప్పతో రాళ్లు ఎత్తి ఉంటారన్నది దాని సారం. చాలామంది ఈజిప్టు నిపుణులు ఒప్పుకోలేదు. సఖారా గుట్ట మీద అంత నీరు నికరంగా దొరకాలి. దానికి ఆధారం బలంగా లేదు. ఏ చిత్రంలోనూ రాతలోనూ అలాంటి పరికరం కనబడదు. గిజాకైతే ఇది అసలే పొసగదు. పిరమిడ్ పీఠం వరద మైదానానికి సుమారు 40 మీటర్ల ఎత్తున ఉంది. నీళ్లు రాయిని గుట్ట పాదం దాకా తెచ్చాయి, అక్కడి నుంచి మనుషులే లాగారు.

తిండి కూడా పడవల్లోనే వచ్చేదా?

అవును. మేరర్ దస్త్రంలో హీలియోపొలిస్ నగరానికి పడవ వెళ్లి ముఠాకు రొట్టెలు తెచ్చిన నమోదు ఉంది. గిజా దక్షిణాన హైత్ అల్-గురాబ్ అనే చోట బయటపడిన పనివాళ్ల ఊళ్లో రొట్టెల బట్టీలు, పశువుల, గొర్రె మేకల ఎముకలు కుప్పలుగా దొరికాయి.

ఎక్కడ తేడా కొట్టేది?

తక్కువ వరద వస్తే కాలువకు నీరందదు, ఆ ఏడాది బరువైన రాళ్లు రావు. ఎక్కువ వరద వస్తే గట్లు తెగుతాయి, రేవు మునుగుతుంది. ఉత్తరపు గాలి బలంగా ఉంటే నిండు పడవను ప్రవాహం తోస్తున్నా అడ్డం తిరుగుతుంది. అప్పుడు చుక్కాని దగ్గర అనుభవం ఉన్న మనిషి కావాలి. అస్వాన్ దగ్గర బండలు మరో గండం. వెని అక్కడ ఐదు కాలువలు తవ్వించి, తుమ్మతో మూడు పెద్ద పడవలూ నాలుగు లాగుడు పడవలూ కట్టించి ఏడాదిలో గ్రానైట్ దింపించాడు.

అన్నిటికన్నా మొండిది పూడిక. ఏటా వరద తెచ్చే ఒండ్రు పొలానికి వరం, రేవుకు శాపం. తవ్వడం ఒక్క ఏడాది మానేసినా చెరువు అడుగు లేస్తుంది.

ఆ పాయ ఏమైంది?

నది నెమ్మదిగా తూర్పుకు జరిగింది. ఖుఫు తర్వాతి శతాబ్దాల్లో వరదలు తగ్గుముఖం పట్టాయి. సుమారు 4,200 ఏళ్ల కిందటి పెద్ద కరువు కాలంలో ఎడారి ఇసుక వచ్చి పడమటి పాయను కప్పడం మొదలైంది. ఒకప్పుడు మేరర్ పడవ కట్టేసిన నేల మీద ఇప్పుడు పొలాలు, ఇళ్లు ఉన్నాయి. రేవు అడుగు వాటి కింద కొన్ని మీటర్ల లోతున, నల్లటి ఒండ్రు మట్టిలో ఉంది.